మేస్త్రీ వేళ్లు

అత్తగారు పొద్దుటి నుంచి మెట్ల మీదే కూర్చుంది. వంటింట్లో అడుగు పెట్టనని భీష్మించుకుంది. ఇంకాస్త ఇటు వచ్చి ఉంటే నా కన్ను ఏమయ్యేదని వచ్చేపోయేవాళ్లందరినీ అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం ముందుగదిలో కాళ్లు చాపుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కిటికీలోంచి వీధి చూస్తున్నాడు.

కోడలు సామాన్ల బీరువా ముందు గొంతుక్కూర్చుని గాజు పెంకులు ఏరుతోంది. పెంకుల మధ్య, పగిలిన కప్పు పక్కన, ఆ దిక్కుమాలిన మీట దొరికింది. క్లారినెట్టుకు బిగించే మీట, చిటికెన వేలంత కూడా లేదు. మెరుగు పెట్టే మోటారు ఉన్న గదిలో ఎగిరి, నడవ దాటి, అత్తగారి చెవి పక్కనుంచి రయ్యిమని వచ్చి బీరువా అద్దం పగలగొట్టింది. వాద్యాలు బాగుచేసే ఆయన మెరుగు పెట్టమని ఇచ్చి వెళ్లిన సామాను అది. ఇప్పుడు దాని మెడ వంకరపోయింది.

తాను కూరగాయలకని వీధిలోకి వెళ్లి వచ్చేలోగా ఇంత జరిగింది. రాగానే ఆమె మోటారు గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. గాజు ఏరడం ఆ తర్వాతే మొదలుపెట్టింది.

"నేను మోటారు ముట్టలేదమ్మాయ్," అన్నాడు మామగారు, ముఖం ఇటు తిప్పకుండానే.

"మరి మీట దానంతటదే లేచి వచ్చిందా మామయ్యా?"

"పాత వైరింగు. ఒక్కోసారి దానంతటదే తిరుగుతుంది."

ఆమె వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. ముక్కు, బుగ్గలు, నుదురు, కనురెప్పల దాకా నలుపు. గుడ్డ చక్రానికి పట్టించే పాలిష్ ముద్ద, చక్రం తిరుగుతుంటే పొడిపొడిగా రాలి ముఖానికి అంటుకుంటుంది. కళ్లకు అడ్డంగా ఆ పెద్ద అద్దాలు పెట్టుకుని ఉంటే కళ్ల చుట్టూ తెల్లగా చోటు మిగిలి ఉండాలి. మిగల్లేదు. అంటే మోటారు ముట్టుకోవడమే కాదు, కళ్లద్దాలు కూడా లేకుండా ముట్టుకున్నాడన్నమాట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడరనుకుంటుందట. ఈయన మూతికే కాదు, ముఖమంతా పూసుకుని మరీ తాగాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఓ అద్దం తెచ్చి ముఖం ముందు పెడదామా అనుకుంది. పెద్దాయన్ని అంతలా నిలదీయలేక తడి తువ్వాలు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన ముఖం తుడుచుకుని, నల్లబడ్డ తువ్వాలును అదెవరిదో అన్నట్టు పక్కన పెట్టాడు.

వీధంతా ఆయన్ని మేస్త్రీ అంటుంది. తలుపు పిడులు, గడియారపు డిప్పలు, బొత్తాలు, వాద్యాల మీటలు, చేతిలో ఇమిడే లోహపు వస్తువు ఏదైనా సరే ఆయన చక్రం మీద ఆనిస్తే కొత్తది కూడా దాని ముందు వెలవెలబోయేది. కొడుకు లిఫ్టులు బాగుచేసే పనిలోకి వెళ్లిపోయాడు. కూతురికి ఆ దుమ్ము పడలేదు. చివరికి ఆయన పక్కన నిలబడి పని నేర్చుకున్నది కోడలు ఒక్కతే. కిందటేడు మోకాళ్ల నొప్పులని చెప్పి ఆయన మోటారు ఆమెకు అప్పగించాడు. అప్పగించానన్నాడే గానీ, ఆమె గడప దాటితే చాలు, ఆయన మోకాళ్ల నొప్పులు కూడా గడప దాటేవి.

మధ్యాహ్నానికి భర్త వచ్చాడు. మెట్ల మీద తల్లిని, అద్దం లేని బీరువాను, తాళం వేసిన గదిని వరసగా చూశాడు. నాన్న ముట్టలేదంటున్నాడు కదా, వైరింగు నేను చూస్తానులే అన్నాడు.

"వైరింగుకేం రోగం లేదండీ. మీ నాన్నగారు అద్దాలు పెట్టుకోకుండా, నేను లేనప్పుడు చూసి చక్రం తిప్పారు."

"సరే, తిప్పాడనే అనుకుందాం. చిన్న మీట ఎగిరింది. గోరంతను కొండంత చెయ్యడం ఎందుకు?"

"లిఫ్టు తీగ ఒక్కటే తెగితే మీరు కూడా గోరంతేనని ఊరుకుంటారా?"

 ఇలా ఇరుకున పడ్డప్పుడు అతను చేసే పని ఒకటుంది. అక్కకు ఫోను చేస్తాడు. పక్కగదిలోంచి ఆ గుసగుసలు వినపడుతుంటే ఆమె చీపురు గట్టిగా విదిలించింది. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే అనుకుంది.

వదిన వస్తూనే తల్లిని మెట్ల మీదనుంచి లేపి లోపలికి తెచ్చింది. కూతురిని చూడగానే అత్తగారి కథ కొంచెం మారింది. పొద్దుట దాకా ముసలాయన తన కన్ను పోగొట్టబోయాడు. ఇప్పుడేమో ముసలాయన తిండి మానేశాడు, పనివాడి చేతులు కట్టేసినట్టు ఆ తలుపుకు తాళం ఏమిటి అంది.  అత్తగారి కోసమే కదా ఆ తాళం వేసింది అని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అవుతుందని కోడలికి తెలుసు.

"మా నాన్న బిగించిన మోటారుకు నువ్వు తాళం వేశావా?" అంది వదిన.

"మోటారుకు కాదు వదినా. గదికి వేశాను."

"రెండూ ఒకటే. ఆ చేతులకు పని నేర్పడానికి నువ్వెవరు? నీకు నేర్పిన చేతులవి."

నేర్పిన చేతులే. కాదని ఎవరన్నారు? కొత్తగా పనిలోకి వచ్చిన రోజున ఆమె చేతి తొడుగులు వేసుకుని చక్రం ముందు నిలబడితే, ఆయన మోటారు ఆపించి వాటిని విప్పించాడు. తొడుగు పోగు ఒక్కటి చక్రానికి చిక్కితే తొడుగుతో పాటు లోపలి వేలు కూడా పోతుందన్నాడు. ఉంగరం తీయించాడు, జడ ముడి వేయించాడు, వదులుగా వేలాడే చొక్కా చేతులు పైకి మడిపించాడు. చిన్న వస్తువు క్షణంలో వేడెక్కుతుంది, వేలు చురుక్కుమనగానే తీసి నీళ్లలో ముంచు అన్నాడు. ఈ పనిలో వేలే నీకు కాపలా, అది చెప్పిన మాట ఎప్పుడూ వినమన్నాడు. ఆమె ఇప్పటిదాకా అక్షరం పొల్లుపోకుండా వింటూనే ఉంది. నేర్పినాయన అద్దాలు గూటిలో పెట్టి ఇంటి మీదికి మీటలు విసురుతుంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కదూ.

వదిన సోఫాలో సర్దుకుని కూర్చుని తండ్రి గొప్పలు మొదలుపెట్టింది. మొన్నామధ్య తాను వచ్చినప్పుడు చక్రం మీదినుంచి తీసిన తలుపు పిడిని గిరాకీ ముట్టుకుని అమ్మో అని వదిలేశాడట. నాన్న దాన్ని పూవులా అరచేతిలో పెట్టుకుని కబుర్లు చెబుతూ కూర్చున్నాడట. ఆ వేళ్లను చూసి నిప్పు కూడా భయపడుతుందంది.

అత్తగారు అందుకుంది. చెయ్యి తిరిగిన పనివాడు కదా, వయసు మీద పడేకొద్దీ ఇంకా రాటుదేలిపోయాడు అంది. ఈమధ్య పొయ్యి మీద టీ గిన్నెను గుడ్డ లేకుండా ఉత్త చేత్తో దింపేస్తున్నాడట. ఇక మతిమరుపంటావా, అది మాత్రం ఎక్కువే. ఆమధ్య ఒక కాలికే చెప్పుతో ఇంటికొచ్చాడు, రెండోది వీధి మలుపులో జారిపోయిందన్న సంగతి కూడా చూసుకోలేదని చెప్పి ముసిముసిగా నవ్వింది.

అందరూ నవ్వారు. మామగారూ నవ్వాడు. కోడలు మాత్రం టీ పోస్తూ పోస్తూ పరధ్యానంలో పడింది. ఎందుకు పడిందో ఆమెకే సరిగ్గా తెలియలేదు. కప్పు నిండి పొర్లితే అత్తగారు చూసి కసిరింది.

అప్పుడు మామగారు తన చెయ్యి అటూఇటూ తిప్పి చూసుకుని ఓ మాట అన్నాడు. ఊరికే వాదనలెందుకు, అందరి ముందూ పని చేసి చూపిస్తాను.

"తప్పు పట్టావా, తాళం నీ దగ్గరే ఉంచుకో అమ్మాయ్. పట్టలేకపోయావా, తాళంచెవి నాకు ఇచ్చెయ్. తాడో పేడో ఇవాళే తేలిపోతుంది."

భర్త బతుకు జీవుడా అన్నట్టు తలూపాడు. వదిన అప్పుడే గెలిచినట్టు లేచి నిలబడింది. కోడలు తాళం తీసింది.

చిన్న గది. ఒకప్పుడు సామాను పడేసుకునే చోటు. మోటారుకు రెండువైపులా రెండు గుడ్డ చక్రాలు, ఒకటి ఇత్తడికి, ఒకటి వెండి పూతకు. ఒకదాని మురికి ఒకదానికి అంటకూడదని దేని పాలిష్ ముద్ద దానిదే. చక్రాల వెనక గోనె పట్టా వేలాడుతుంది, కింద పాత దుప్పటి పరిచిన పళ్లెం ఉంటుంది. జారిన వస్తువు గోడకు కొట్టుకోకుండా అక్కడే పడాలని అవన్నీ. పొద్దున పెద్దాయన ఆ పట్టాను పక్కకు తోసి, దాని వెనకున్న నడవ తలుపు బార్లా తెరిచి పెట్టుకున్నాడు. గాలి ఆడలేదట.

ఆమె పట్టా సరిచేసింది. తలుపుకు ఎదురుగా ఎవరూ నిలబడవద్దని అందరినీ గోడవారకు జరిపింది. కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ ఆయనకు స్వయంగా తొడిగింది. ఆయన పెళ్లికొడుకులా ముఖం ఎత్తి తొడిగించుకున్నాడు.

ఇక ఆ పని చూడాలి. చక్రం తనవైపు, పైనుంచి కిందికి తిరుగుతుంటే, ఆయన ఇంకో మీటను గాడి పెట్టిన చెక్కకు నొక్కిపెట్టి, చక్రం నడిమికి కాస్త దిగువన ఆనించాడు. అంచు కిందికే చూస్తోంది. అంచు పైకి తిరిగిందంటే చక్రం దాన్ని కొరికి లాక్కుపోతుంది. ఆయన ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా బలం పెట్టలేదు. మీట మీద మసక వెలుగు మెల్లమెల్లగా తేటపడి, అద్దంలా తేలింది. ఎంత కోపంలో ఉన్నా కోడలికి చూస్తుంటే ముచ్చటేసింది. ఇంత చెయ్యి తిరిగినవాణ్నా నేను తాళం వేసి గదికి దూరం పెట్టింది అని తన మీద తనకే విసుగొచ్చింది.

"ఏదీ, తప్పు పట్టు," అంది వదిన గోడవారనుంచి.

మామగారు అక్కడితో ఊరుకోలేదు. పళ్లెంలో ఉన్న ఇత్తడి పిడి ఒకటి తీశాడు. గుండ్రంగా ఉన్నది చెక్క మీద నిలవదు, చేత్తోనే పట్టుకోవాలి. పట్టుకుని తిప్పుతూ తిప్పుతూ మెరుగు పెడుతూనే ఉన్నాడు. నీళ్ల గిన్నె పక్కనే ఉంది. ఆయన ఒక్కసారి కూడా అందులో ముంచలేదు. కోడలు ఆయన పనిని చూడటం మానేసి బొటనవేలిని చూడటం మొదలుపెట్టింది.

మోటారు ఆపి, చక్రం దానంతటది నిలిచేదాకా ఆగి, ఆయన పిడిని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కెవ్వుమని దుప్పటి మీదికి వదిలేసింది.

"నువ్వింకా రాటుదేలలేదమ్మాయ్," అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వుకుంటూ ముందుగదిలోకి నడిచారు. ఆమె మాత్రం చక్రాలు శుభ్రం చేయడానికి సాయం ఉండమని ఆయన్ని ఆపింది.

"మామయ్యా, మీ బొటనవేలు చూసుకోండి."

చూసుకున్నాడు. వేలి కొస తెల్లగా ఉబ్బి, చర్మం బుడగలా లేచి ఉంది. ఆయన దాన్ని రెండో చేత్తో నొక్కి చూడబోతే ఆమె ఆపింది.

"ఒక్కసారి కళ్లు మూసుకోండి."

"ఎందుకు?"

"మూసుకోండి మామయ్యా."

మూసుకున్నాడు. ఆమె ఆయన చిటికెన వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఏ వేలు పట్టుకున్నానో చెప్పమంది. ఆయన నుదురు ముడిపడింది. మధ్యవేలన్నాడు. కాదంటే చూపుడు వేలన్నాడు. ఆమె వేలు వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన కళ్లు మూసుకుని, చెయ్యి అలాగే చాపి, ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఇంటిల్లిపాదీ ఇన్నాళ్లూ మురిసిపోయింది దీన్ని చూసా? తాను కూడా గిరాకీల ముందు మా మామగారి చెయ్యి అలాంటిదని ఎన్నిసార్లు చెప్పుకుంది. వేలే కాపలా అన్న మనిషికి ఆ కాపలా ఎప్పుడో వెళ్లిపోయింది. ఆయన వేసుకునే చక్కెర జబ్బు మాత్రలు రోజూ అందించేది తనే, ఆ వేళ్లనే తను చూడలేదు.

కళ్లు తెరిచి చూస్తే ఆయనకు అర్థమైంది. స్టూలు మీద కూలబడ్డాడు.

"పొద్దున ఆ మీట నా చేతిలోంచి పోయిందని నాకు తెలియలేదమ్మాయ్. అద్దం పగిలిన చప్పుడు విని చూసుకుంటే చేతిలో లేదు."

"ఎన్నాళ్లనుంచి?"

"చలికి మొద్దుబారాయనుకున్నాను. చలి పోయింది, మొద్దు పోలేదు. అప్పటికే మీ అత్తయ్య నా చేతిని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఈ వయసులో ఒకరు మెచ్చుకుంటుంటే కాదని ఎలా చెప్పను?"

డాక్టరుకు చెప్పాలి, ఇంట్లో చెప్పాలి అందామె. డాక్టరుకు చెబుతానన్నాడు. ఇంట్లో మాత్రం వద్దన్నాడు.

"నన్ను అబద్ధాలకోరనుకోనీ, మొండివాడనుకోనీ. చేతకానివాడని మాత్రం వాళ్లు అనుకోకూడదు. అది నేను చూడలేను."

"అయితే మోటారు ముట్టనని నాకు మాటివ్వండి. నేను నోరు విప్పను."

ఆయన చక్రాన్ని చూశాడు, ఆమెను చూశాడు, తలూపాడు. లేచి, కాలిన చెయ్యిని జేబులో దూర్చుకుని ముందుగదిలోకి వెళ్లాడు. ఆమె గదికి తాళం వేసి వెనకే వచ్చింది.

వదిన అరచెయ్యి చాపి ఎదురుచూస్తోంది.

"ఊ, ఏ తప్పు పట్టావు?"

"తప్పేం లేదు వదినా."

"అయితే తాళంచెవి ఇవ్వు."

"ఇవ్వను."

 అత్తగారు టీ కప్పు కింద పెట్టి, ఇదేం పద్ధతే అంది. పందెం కట్టి ఓడిపోయి కూడా ఇవ్వననడం ఏమిటని భర్త అడిగాడు. నాన్న పని బాగుందని నువ్వే ఒప్పుకున్నావు కదా, ఇంకా నీకేం కావాలన్నాడు. ఆమెకేం కావాలో చెప్పడానికి నోటిదాకా వచ్చింది. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడి మామగారి వైపు చూసింది. నాకే ఇక ఓపిక లేదురా అని ఆయన ఒక్క ముక్క అంటే చాలు, ఈ రభస ఇక్కడితో ఆగిపోతుంది. ఆయన తన కాళ్లవైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ నీది జాగ్రత్త అనుకున్నాను," అంది వదిన. "ఇది జాగ్రత్త కాదు, పెత్తనం. అవసరం తీరింది, ఇక ముసలాయన అడ్డు."

"అది కాదు వదినా."

"మరేమిటో చెప్పు."

ఆమె చెప్పలేదు. మాట ఇచ్చింది. ఇచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూ, జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఇంటి కోడలికి నోరెక్కువన్న వాళ్లంతా ఇప్పుడు అదే నోటికోసం ఎదురుచూస్తున్నారు.

వదిన తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నువ్వు లే. మా పెరట్లో గది ఖాళీగానే ఉంది. తమ్ముడు మోటారు విప్పి తెచ్చి అక్కడ బిగిస్తాడు. ఇంట్లో మేమంతా పొద్దున్నే పనుల్లోకి వెళ్లిపోతాం. రోజంతా నీ ఇష్టం, నీ చేతికి అడ్డు చెప్పేవాళ్లే ఉండరు."

కోడలికి ఆ పెరటి గది కళ్లకు కట్టింది. ఖాళీ ఇల్లు, తిరిగే చక్రం, ఏమీ తెలియని ఆ పది వేళ్లు. వద్దనండి మామయ్యా అని కళ్లతోనే అడిగింది. ఇందాకే కదా తలూపారు.

మామగారు లేచాడు. ఆయన చెయ్యి ఇంకా జేబులోనే ఉంది. ఆమె వైపు చూడలేదు. కొడుకుతో అన్నాడు.

"జాగ్రత్తగా విప్పరా. చక్రాలు గోనెలో చుట్టు, నలగకూడదు."

భర్త పానాల సంచీ భుజాన వేసుకుని వచ్చి, తాళంచెవి కోసం ఆమె ముందు చెయ్యి చాపాడు.